మిలట్రీ నానాకు మేం పడ్డ బాకీ

మా దేశభక్తిని ఎవరైనా శంకిస్తే మాకో అలవాటు వుంది. వెంటనే పేర్లు చదువుతాం. అబ్దుల్ హమీద్ లేడా అంటాం. బ్రిగేడియర్ ఉస్మాన్ లేడా అంటాం. బడిలో ఎక్కాలు అప్పజెప్పే పిల్లల్లా ఈ రెండు పేర్లూ అప్పజెప్పి, ఇకనైనా వదిలేస్తారేమోనని ఎదుటివాడి ముఖంలోకి చూస్తాం. వాడు వదలడు. 'అలాంటివాళ్ళయితే మాకేం అభ్యంతరం లేదు' అంటాడు. అంటే మిగతా మా అందరి మీదా అభ్యంతరం ఎప్పట్లాగే వుందన్నమాట!

ఆ ఎదుటివాడి గురించి మేం చాలా రాశాం. ఇంకా రాస్తాం. ఇది మాత్రం మా గురించి. చనిపోయిన సిపాయిలను ఇంత తేలిగ్గా గుర్తు చేసుకునే మేము, బతికున్న ముసలి సిపాయిలను ఏం చేశాం అన్నదే ప్రశ్న.

ముందు ఆ రెండు పేర్ల సంగతి. అబ్దుల్ హమీద్ ఉత్తరప్రదేశ్ ఘాజీపూర్ జిల్లా ధాముపూర్‌లో ఒక దర్జీ ఇంట పుట్టాడు. 1965 సెప్టెంబరు 10న ఖేమ్‌కరణ్ దగ్గర, జీపు మీద బిగించిన తుపాకితో పాకిస్తాన్ టాంకులను ధ్వంసం చేస్తూ ప్రాణం వదిలాడు. పరమవీరచక్ర ఇచ్చారు. మహమ్మద్ ఉస్మాన్‌ని దేశ విభజన వేళ పాకిస్తాన్ సైన్యం పిలిచింది. ఆయన పోలేదు. కాశ్మీరులో నౌషేరాను కాపాడి, ఝంగర్‌ని తిరిగి గెలిచి, 1948 జూలై 3న అక్కడే ఫిరంగి గుండుకి బలయ్యాడు. మహావీరచక్ర ఇచ్చారు. ఢిల్లీలో జామియా మిలియా దగ్గరి ఖబరస్తాన్‌లో పడుకున్నాడు. 2020 డిసెంబరులో ఆ సమాధి పలక పగిలిపోయి కనిపించింది. పత్రికల్లో ఫోటోలు వచ్చాక సైన్యం బాగు చేయించింది.

హమీద్ భార్య రసూలన్ బీబీ భర్త పోయాక 54 ఏళ్ళు బతికింది. పండు వయసులో తానే సైన్యాధిపతిని అడిగి, 2017 సెప్టెంబరు 10న తన పల్లెకు రప్పించుకుని భర్త జ్ఞాపకానికి దండ వేయించింది. 2019లో కన్నుమూసింది. హమీద్ పేరు వెయ్యిసార్లు వాడుకున్న మాలో ఎంతమందికి ఆమె పేరు తెలుసు? పేరే తెలియనివాళ్ళం, ఆమె ఎలా బతికిందని ఎన్నడైనా అడిగామా?

ఇక్కడే మా మిలట్రీ నానా కథ చెప్పాలి. ఊళ్ళో హిందువులు ఆయన్ని మిలట్రీ సాయిబు అనేవారు. మేము మిలట్రీ నానా అనేవాళ్ళం. చైనా యుద్ధం అయిన మరుసటి ఏడు, 1963లో, పంతొమ్మిదేళ్ళ వయసులో సైన్యంలో చేరాడు. లారీ డ్రైవరు. 1965లోనూ 1971లోనూ సరిహద్దు దాకా మందుగుండు మోశాడు. 1974లో అమ్మీ మంచాన పడిందని, చూసేవాళ్ళు లేరని, తనకు తానే డిశ్చార్జి అడిగి ఇంటికొచ్చేశాడు. పదకొండేళ్ళ కొలువు. సిపాయికి పెన్షను రావాలంటే పదిహేనేళ్ళు నిండాలి. అంచేత ఆయనకు దక్కినవి ఒక డిశ్చార్జి పుస్తకం, రంగు వెలిసిన రిబ్బన్లకు వేలాడే నాలుగు పతకాలు. జిన్నింగు మిల్లులో రాత్రి కాపలాకి కుదిరాడు. ఎడమ కాలు కాస్త ఈడ్చి నడిచేవాడు.

1999లో కార్గిల్ యుద్ధం వచ్చింది. ఊళ్ళో మావైపు చూసే చూపులు మారాయి. శాంతి కమిటీ సభ పెట్టారు. మా పెద్దలు పరుగున వెళ్ళి మిలట్రీ నానాని తీసుకొచ్చారు. పతకాలు తోమించారు. ఇస్త్రీ చొక్కా తొడిగించారు. స్టేజీ మీద నిలబెట్టి 'చూడండి, మాలోనూ వున్నారు' అన్నారు. చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాం. మా రొమ్ములు పొంగాయి. ఆ రాత్రి ఆయన ఎప్పట్లాగే మిల్లు గేటు దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు.

2002లో గుజరాత్ తగలబడ్డాక మళ్ళీ ఒక సభ. మళ్ళీ పెద్దలు వెళ్ళారు. నానా ట్రంకుపెట్టె తెరిచి, పతకాలు రుమాల్లో మూటగట్టి, చేతికిచ్చాడు. 'ఇవి తీసుకుపోండిరా. మీకు కావలసింది ఇవే కదా. నేనెందుకు?' అన్నాడు.

మాకు కోపం వచ్చింది. కౌమ్ కష్టంలో వుంటే ముసలాయన బెట్టు చేస్తున్నాడనుకున్నాం. ఆ మాటలో వున్నది బెట్టు కాదని అర్థం కావడానికి మాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఋజువుకీ జ్ఞాపకానికీ తేడా వుంది. జ్ఞాపకం మనిషి కోసం. ఋజువు కోర్టు కోసం. కోర్టులో పని అయిపోయాక ఋజువుని సంచిలో పడేస్తారు. మేము మా సిపాయిలను మనుషులుగా గుర్తు పెట్టుకోలేదు, ఋజువులుగా వాడుకున్నాం. ఒక రెడ్డి సిపాయో, ఒక బ్రాహ్మణ మేజరో యుద్ధంలో చనిపోతే ఆయన దేశం కోసం చనిపోయాడంటారు. ఆయన చావు ఆ కులం దేశభక్తికి సర్టిఫికెట్ కావలసిన పని లేదు. మా సిపాయి మాత్రం చచ్చి కూడా డ్యూటీ దిగడు. మొత్తం జాతిని భుజాన మోసుకుంటూ ప్రతి సభలో నిలబడాలి. ఈ బరువు అతని మీద పెట్టింది వాళ్ళే. నిజమే. కానీ దించకుండా ఎత్తి పట్టుకున్నది మేము.

పైగా ఈ ఋజువు ఎప్పటికైనా చాలుతుందా? 2019లో అస్సాంలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. 30 ఏళ్ళు సైన్యంలో పనిచేసి, గౌరవ లెఫ్టినెంటుగా రిటైరైన ఒక ముస్లింని అక్కడి ట్రిబ్యునల్ విదేశీయుడని తేల్చింది. పోలీసులు తీసుకుపోయి నిర్బంధ శిబిరంలో పెట్టారు. హైకోర్టు బెయిలిస్తే గానీ బయటికి రాలేదు. సైన్యంలో 30 ఏళ్ళు ఋజువు కాకపోతే ఇక ఏది ఋజువు? ఆ కోర్టుకి తీర్పు చెప్పే ఉద్దేశమే లేదు. వాయిదాలు వేయడమే దాని పని. ఆ వాయిదాలకి మేము మా ముసలివాళ్ళను హాజరుపరుస్తూ వచ్చాం.

అయితే సిపాయికి మనం పడ్డది ఏమిటి? పొగడ్తా? దానమా? మేము బాకీ అంటాం. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను యజమాని దయతో ఇచ్చేది కాదని, చేసిన పనికి హక్కుగా వచ్చేదని చెప్పింది. అయినా హక్కుని అడగడానికి ముసలివాళ్ళు ఎండలో కూర్చోవలసి వచ్చింది. ఒకే హోదాకి ఒకే పెన్షను ఇమ్మని 2015 వేసవిలో ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర మాజీ సైనికులు నెలల తరబడి బైఠాయించారు. ఆ సెప్టెంబరులో గానీ ప్రభుత్వం ప్రకటన చేయలేదు. అది పెన్షను వున్నవాళ్ళ సంగతి. పెన్షను లేని పేద మాజీ సైనికులకు 65 ఏళ్ళు దాటాక ఒక సహాయం వుంది. దాన్ని 2017లో నెలకు 4,000 రూపాయలు చేశారు, 2025లో 8,000 చేశారు. మంచిదే. కానీ అది చేతికి రావాలంటే కాగితాలు కావాలి.

నానా కాగితాలు పట్టుకుని ఒక ఆఫీసు చుట్టూ తిరిగాడు. డిశ్చార్జి పుస్తకంలో షేక్ పేరుకి ముందుంది. రేషను కార్డులో వెనక వుంది. ఒకచోట సాహెబ్, ఒకచోట సాబ్. ఆధార్‌లో అసలు లేదు. ఈ ముగ్గురూ ఒక్కరేనని ఋజువు తెమ్మన్నారు. చూశారా, అక్కడా ఋజువే! మాలో చదువుకున్నవాళ్ళు పదిమంది వున్నారు. నోటరీ దగ్గరికి తీసుకెళ్ళి ఒక అఫిడవిట్ రాయించి, రెండు రోజులు ఆయన వెంట తిరిగితే అయ్యే పని. ఒక్కరం పోలేదు. స్టేజీ ఎక్కించడానికి మాకు తీరికుంది, బస్సెక్కించడానికి లేకపోయింది. అప్పటికే ఆయనకు కంట్లో శుక్లాలు. దారి కనపడక తిరగడం మానేశాడు.

మా దీన్‌లో ఒక నియమం వుంది. మనిషి చనిపోతే అతని ఆస్తిని వారసులు వెంటనే పంచుకోకూడదు. ముందు అంత్యక్రియల ఖర్చు తియ్యాలి. తర్వాత అప్పులు తీర్చాలి. ఆ పిమ్మటే పంపకం. మతం పక్కన పెట్టినా ఇందులో గొప్ప న్యాయం వుంది. సిపాయి విడిచిపోయిన ఆస్తి ఏమిటి? దేశానికి నిశ్చింత, మాకు తలెత్తుకునే ధైర్యం. ఈ ఆస్తిని దేశమూ పంచుకుంది, మేమూ పంచుకున్నాం. అప్పు మాత్రం ఎవరం తీర్చలేదు.

మా లౌకికవాద మిత్రులకు ఇక్కడ ఒక అనుమానం వస్తుంది. యుద్ధాలు పాలకులు చేస్తారు, సిపాయిని పొగిడితే యుద్ధాన్ని పొగిడినట్టే కదా అని. ఈ మాటలో బలం వుంది. అందుకే మేము పొగడ్త అడగడం లేదు. గుర్తు పెట్టుకోవడం వేరు, పొగడటం వేరు. యుద్ధం వద్దనేవాడే యుద్ధంలో నలిగినవాణ్ణి ముందుగా ఆదుకోవాలి. యుద్ధం చెయ్యాలా వద్దా అని లారీ డ్రైవర్ని ఎవరూ అడగలేదు. అతని కాలు మాత్రం ఇచ్చేశాడు.

అసలు పరీక్ష గెలిచిన సిపాయి దగ్గర కాదు, ఓడిన సిపాయి దగ్గర. రెండో ప్రపంచయుద్ధంలో ఇంగ్లీషువాడి కింద పాతిక లక్షల మంది మనవాళ్ళు పనిచేశారు. యుద్ధం అయిపోగానే అత్యధికుల్ని ఇళ్ళకు పంపేశారు. వాళ్ళు మన స్వాతంత్ర్య కథలో ఇమడలేదు. ఆజాద్ హింద్ ఫౌజు వాళ్ళను స్వతంత్ర భారత సైన్యం తిరిగి తీసుకోలేదు. 1972లో స్వాతంత్ర్య సమరయోధుల పెన్షను పథకం వచ్చేదాకా వాళ్ళలో చాలామంది ఎదురుచూశారు. ఆ ఫౌజులో మన హైదరాబాదీ ఆబిద్ హసన్ వున్నాడు. 1943లో సుభాష్ బోసుతో జలాంతర్గామిలో ప్రయాణించినవాడు, 'జై హింద్' నినాదం ఆయనదేనంటారు... చూశారా, మళ్ళీ ఋజువులోకి జారిపోయాం! ఈ అలవాటు మా నెత్తుట్లో ఎంతగా ఇంకిపోయిందో ఇంతకంటే ఏం చెప్పాలి?

1948 సెప్టెంబరులో నిజాం రాజ్యం పడిపోయాక ఆ రాజ్యపు సైన్యాన్ని రద్దు చేశారు. రజాకారు వేరు, నెల జీతానికి బారకాసుల్లో బతికిన సిపాయి వేరు. కానీ ఆ తేడా చెప్పే ధైర్యం ఆనాడు ఎవరికీ లేదు. అరబ్బు సిపాయిలుండిన బారకాసు బార్కాస్ అయింది. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ కాస్తా ఏసీ గార్డ్స్ అనే బస్తీ అయింది. పేర్లు మిగిలాయి, మనుషుల జీతాలు ఆగిపోయాయి. వాళ్ళ ముసలితనం ఎలా గడిచిందో వాళ్ళ పిల్లలకే తెలుసు. వాళ్ళు ఋజువుకి పనికిరారు. అందుకే మేమూ వాళ్ళ గురించి మాట్లాడం. ఋజువుకి పనికొచ్చేవాడినే గుర్తు పెట్టుకునేవాళ్ళకి జ్ఞాపకం అనే మాట వాడే హక్కు వుందా?

కాబట్టి మేము రెండు మాటలు అంటున్నాం. ఒకటి, మిత్రులకు. జెండా పండుగ రోజున స్టేజీకి నిండుదనం కోసం ఒక ముస్లిం మాజీ సైనికుణ్ణి పిలవకండి. మిగతా రోజుల్లో ఆయన ఇంటికి వెళ్ళండి. రెండోది, మాకు మేము చెప్పుకునేది. ఇకపై ఎవడు అడిగినా ఆ రెండు పేర్లూ అప్పజెప్పం. మేము ఇక్కడ పుట్టాం, అది చాలు. మా ముసలి సిపాయిల పుస్తకాలు తీసి, పేర్లలో తప్పులు సరిచేయించి, కంటి ఆపరేషన్ చేయించి, పక్కన కూర్చుని వాళ్ళు చెప్పింది వింటాం. మా సిపాయిలనే కాదు. పక్క మాలపల్లెలో ముసలి సిపాయి పుస్తకంలోనూ ఇంటిపేరు తప్పే పడి వుంటుంది. ఆయన వెంట తిరిగేవాళ్ళూ లేరు.

నానా 2016లో చనిపోయాడు. జనాజాకి బాగానే వచ్చాం. ఖబరస్తాన్ గోడ బయట ఒక ముసలాయన, మెడలో కండువా, చేతిలో కర్ర, మట్టి వేయడం అయ్యేదాకా ఎండలో నిలబడి వున్నాడు. నానాతో పాటు ఒకే యూనిట్లో లారీ నడిపాడట. రెండు బస్సులు మారి వచ్చాడు. మేము బయటికి వచ్చాక అడిగాడు: 'మీరంతా ఆయన మనుషులేనా?'

అవునన్నాం.

'అయితే మీకు చెప్పే వుంటాడు, ఆ కాలు ఎక్కడ పోయిందో.'

మాలో ఒకరికీ తెలియదు. నలభై రెండేళ్ళు ఆ కాలు ఈడ్చుకుంటూ మా వీధిలోనే నడిచాడు. మేమెప్పుడూ అడగలేదు.