పరీక్షకు ఒక జవాబు, గుడికి ఒక జవాబా?

హైదరాబాదులో నౌబత్ పహాడ్ మీది బిర్లా సైన్స్ మ్యూజియానికి మీలో చాలామంది పిల్లలను తీసుకుని వెళ్ళే ఉంటారు. అక్కడ డైనోసారియంలో నిలబెట్టిన పెద్ద అస్థిపంజరం పరదేశం నుంచి తెచ్చినది కాదు. మన ప్రాణహిత-గోదావరి లోయలో, యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలతో కూర్చినది. భూగర్భ శాస్త్రవేత్త పి. యాదగిరి గారు 1988లో ఆ జంతువుకు కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. ఆకూ అలమూ మేసి బ్రతికిన ప్రాణి. పదహారు కోట్ల ఏళ్ళకు పైబడిన సంగతి. అంత పాత జీవికి మన పల్లె పేరు ఉండటం నాకెంతో ముచ్చటగా తోచింది.

అక్కడే ఒక అబ్బాయి మెడ పైకెత్తి చూస్తూ, "అమ్మా, దేవుడు దీన్ని ఆరో రోజునే చేశాడా? మరి ఇన్ని కోట్ల ఏళ్ళని రాశారేమిటి?" అని అడిగాడు. ఆ తల్లి మెడలో సిలువ ఉంది. ఆమె గొంతు తగ్గించి, "పరీక్షలో పుస్తకంలో ఉన్నది రాయి. సత్యోపదేశం క్లాసులో ఫాదర్ గారు చెప్పింది చెప్పు. రెండూ కలపకు" అంది.

ఆమెను తప్పుపట్టాలని నేను ఇది రాయడం లేదు. మనమూ మన ఇళ్ళలో ఇదే చెబుతున్నాం. కానీ ఆ పిల్లవాడు ఏమి నేర్చుకున్నాడో ఒక్కసారి ఆలోచించండి. విశ్వాసం అనేది నిజం కానక్కరలేదు, చెప్పవలసిన చోట చెబితే చాలునని నేర్చుకున్నాడు. రేపు కాలేజీ హాస్టలులో చేరాక వాడు దివ్యపూజకు వెళ్ళడం మానేస్తే డార్విన్‌ను తిట్టుకుంటాం. బీజం వేసింది డార్విన్ కాదు.

శ్రీసభ మనలను ఇలా రెండు నాలుకలతో మాట్లాడమని ఎన్నడూ చెప్పలేదు. పన్నెండవ పయస్ జగద్గురువులు 1950లోనే, మానవ శరీరం అంతకుముందున్న జీవుల నుంచి వచ్చిందా అని పండితులు పరిశోధించవచ్చునన్నారు. ఆత్మను మాత్రం దేవుడే నేరుగా సృజిస్తాడని విశ్వసించాలన్నారు. 1996 అక్టోబరులో రెండవ జాన్ పౌలు జగద్గురువులు ఇంకో అడుగు ముందుకు వేసి, పరిణామ సిద్ధాంతాన్ని ఇక ఉత్త ఊహగా చూడలేమని వాటికన్ విజ్ఞాన పరిషత్తుకు తెలియజేశారు. అంతెందుకు, పదహారు వందల ఏళ్ళ క్రితమే పునీత అగస్టీను గారు ఈ ప్రమాదం గురించి హెచ్చరించారు. భూమి గురించి, జంతువుల గురించి మనం తెలియక మాట్లాడి, దానికి బైబిలును సాక్ష్యం తెస్తే, తెలిసిన అన్యుడు నవ్వుతాడు. ఆ తరువాత అదే గ్రంథం పునరుత్థానం గురించి చెబితే అతను ఎలా నమ్ముతాడని ఆయన అడిగారు.

ఇంకొకరి సంగతి కూడా చెప్పాలి. డెన్మార్కు దేశస్థుడు నికోలస్ స్టెనో 1666లో ఇటలీ తీరాన పట్టుబడిన ఒక పెద్ద సొరచేప తలను కోసి పరిశీలించారు. కొండరాళ్ళలో దొరికే నాలుక ఆకారపు రాళ్ళు ఒకప్పటి సొరచేపల పళ్ళేనని వాదించారు. రాతి పొరల్లో కింది పొర ముందు ఏర్పడిందని 1669లో రాశారు. ఈ మధ్యలోనే, 1667లో, కతోలికుడయ్యారు. తరువాత గురువై, 1677లో మేత్రాణులయ్యారు. శ్రీసభ ఆయనను 1988లో ధన్యుడుగా ప్రకటించింది. మన కోటసారస్‌కు పేరు పెట్టిన ఏడే అది! ఆయనకు ఈ కోట్ల ఏళ్ళ లెక్క తెలియదు, ఆ పొరలను జలప్రళయంతో సరిపెట్టాలనే చూశారు. అయినా కంటితో చూసినదాన్ని దాచలేదు.

మ్యూజియం వైపూ ఒక మాట చెప్పాలి. ఎముక ఎంత పాతదో బోర్డు చెబుతుంది. దేవుడు లేడని ఏ ఎముక మీదా రాసి ఉండదు. క్లాసులో ఎవరైనా అలా కలిపి చెబితే, అది వారి సొంత అభిప్రాయమని పిల్లలకు ధైర్యంగా చెప్పండి. ఆదికాండము కూడా రాళ్ళ వయసు చెప్పడానికి రాసినది కాదు. ఎవరు సృజించారు, ఆ సృష్టి మంచిదా కాదా, అందులో మనిషి స్థానం ఏమిటి అని అది చెబుతుంది.

అయితే అంతా సరిపోయిందని మీకు భరోసా ఇవ్వలేను. నన్ను కలవరపెట్టేది రోజుల లెక్క కాదు, మరణం. యామన్‌పల్లిలో ఒక్క చోటనే డజను జంతువుల ఎముకలు దొరికాయి. పాపం చేయడానికి మనిషి అనేవాడే లేని కాలంలో, కోట్ల ఏళ్ళపాటు ప్రాణులు బాధపడి చచ్చిపోయాయి. ఎందుకు? పిచ్చుకలను కూడా తండ్రి మరచిపోడని ప్రభువు చెప్పిన మాట నాకు ఊరటే గాని, ఈ ప్రశ్నకు పూర్తి జవాబు కాదు. వేదాంత పండితులు ఇంకా దీనితో కుస్తీ పడుతూనే ఉన్నారు. ఆ అబ్బాయి నన్ను ఇది అడిగి ఉంటే, "నాకూ తెలియదు నాన్నా, ఆదివారం పూజ అయ్యాక ఇద్దరం కలిసి ఫాదర్ గారిని అడుగుదాం" అనేవాడిని.