దాచుకున్న కోడ్ గురించి అల్లుడికి

తిరువూరు



మామిడి ఆకు ఫొటో చూపిస్తే తెగులు పేరు చెప్పే ప్రోగ్రాం రాశావని మీ అమ్మ చెప్పింది. సంతోషంరా. దాన్ని నెట్‌లో పెట్టమని స్నేహితులు అడిగితే, ఎవడైనా ఎత్తుకుపోతాడని కోడ్ దాచేశావట. అది విన్నాకే ఈ ఉత్తరం. ముందు ఒక పాత సంగతి విను.

తెలుగు దినపత్రికలు ఇంటర్నెట్‌కి ఎక్కిన కొత్తల్లో ఒక్కో పత్రికది ఒక్కో ఫాంటు. ఒక పేపర్లో వార్త కాపీ చేసి మెయిల్‌లో పంపితే అవతలివాళ్లకు కనిపించేవి పిచ్చిగీతలు. ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగలిగే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా, ఇక్కడ ఎవరి గిరి వాళ్లు గీసుకుని కూర్చున్నారు.

వెన్న నాగార్జున గారు 'పద్మ' అనే పనిముట్టు తయారుచేసి, ఆ రకరకాల ఫాంట్ల రాతను యూనికోడ్‌లోకి మార్చే దారి చూపించారు. దాని కోడ్‌ను తన దగ్గరే అట్టేపెట్టుకోలేదు. వీవెన్ గారు దాన్ని తీసుకుని 'లేఖిని' చేశారు. ఇంగ్లీషు అక్షరాలు కొడుతుంటే తెలుగు పడుతుంది, ఏ శిక్షణా అక్కర్లేదు. ఏ ఇంగ్లీషు అక్షరానికి ఏ తెలుగు అక్షరమనే లెక్క కూడా అరువుదే. కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ గార్లు అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో ఉండగా కూర్చిన ఆర్‌టీఎస్ పద్ధతి అది. తెలుగు వికీపీడియాకు 2003 డిసెంబరులో శ్రీకారం చుట్టింది కూడా నాగార్జున గారే. తెలుగు కీబోర్డు రాని ఎందరో లేఖినిలో టైపు చేసి వికీపీడియాలో వ్యాసాలు రాశారు. ఇప్పుడక్కడి వ్యాసాలు లక్ష దాటాయి. వీళ్లలో ఏ ఒక్కరు "ఇది నాది" అని మూత బిగించినా తర్వాతివాళ్ల పని మొదటికొచ్చేది.

ఎత్తుకుపోయేవాళ్లు ఉండరని నేననను, ఉంటారు. కానీ నీ ప్రోగ్రాంకు తెలిసినవి మన చుట్టుపక్కల బంగినపల్లి, రసాల తోటల ఆకులే కదా. చిత్తూరు తోతాపురి ఆకునో, జగిత్యాల తోటలో ఆకునో చూపిస్తే ఏం చెబుతుంది? బూడిద తెగులుకు, మచ్చ తెగులుకు తేడా పట్టాలంటే వేల ఫొటోలు కావాలి. అవి నువ్వొక్కడివీ తిరిగి తీయలేవు. తప్పు చెప్పిందని ఎవరో తిట్టాలి, ఎవరో దిద్దాలి.

అందుకే కోడ్ నెట్‌లో పెట్టు. పెట్టేముందు రెండు పనులు చెయ్యి. ఎవరి కోడ్ వాడుకున్నావో వాళ్ల పేరు పైనే రాయి. లేఖిని పేజీలో పద్మ పేరు ఉంటుంది, చూడు. ఇక రైతుల ఫోన్ నంబర్లు, సర్వే నంబర్లు ఫొటోల వెంట పోకుండా తీసెయ్యి. కోడ్ నీది, పంచుకో. ఆ వివరాలు వాళ్లవి, అడగకుండా పంచే హక్కు నీకు లేదు. ఈ విషయంలో మాత్రం నేను మొండివాణ్ణే.

పెట్టాక లింకు పంపు. పూత మీద తేనెమంచు పురుగు పడ్డప్పుడు ఇక్కడి తోటల్లో ఫొటోలు తీసి నేనూ పంపిస్తా. చెయ్యి వణికి మసకగా వస్తే మళ్లీ తీయించు, మొహమాటపడకు.

మీ మామయ్య