అద్దం మీద పోసిన నీళ్లు

ఈ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు. చెప్పుకునేంత పెద్దది కాదులే అని కొన్నాళ్లు అనుకున్నాను. ఆ తర్వాత చెప్పడానికి మొహం చెల్లలేదు.

కొన్నేళ్ల కిందట, ఏప్రిల్ నెలలో ఒకరోజు పొద్దున్నే తిరుపతి నుంచి ఒక్కడినే కారులో బయలుదేరాను. మా వీధిలో అర్ధరాత్రి దాటినా హారన్ల మోత ఆగదు. నాలుగు గంటలైనా చడీచప్పుడు లేని చోట కూర్చోవాలన్న కోరిక తప్ప వేరే పని లేదు. భాకరాపేట కనుమ దాటి, పీలేరు, వాల్మీకిపురం మీదుగా మదనపల్లె చేరి, కదిరి దారి పట్టాను. హార్స్‌లీ కొండ ఎక్కాలని కాదు. ఆ కొండకు ఈవల, కురబలకోట మండలంలో, గుట్టల నడుమ ఒదిగిన లోయల్లో ఊరికే తిరగాలని.

ఆ గుట్టలు చూసినవాళ్లకు మళ్లీ చెప్పక్కర్లేదు. ఎవరో తీరిగ్గా పేర్చి వదిలేసినట్టు గుండు మీద గుండు. వాటి సందుల్లో ఆకు రాల్చిన చెట్లు. కింద చింతలు, కానుగలు, కట్టెలు పాతి కట్టిన టమోటా తోటలు. రాళ్ల మధ్య ఒక పిట్ట కూస్తే అది ఎంత దూరం నుంచో చెప్పగలిగేంత నిశ్శబ్దం. దక్షిణాది రాతికొండల్లో తప్ప ఇంకెక్కడా బతకని పసుపు గొంతు పిగిలిపిట్ట ఇక్కడ కూడా ఉంటుంది. నాకు ఆ రోజు కనబడలేదు గానీ, ఆ నిశ్శబ్దం మాత్రం ఒంటికి చల్లగా తగిలింది. ఇంత దగ్గర్లో ఇంత శాంతి పెట్టుకుని ఊటీకీ మున్నారుకూ ఎందుకు పోయానా అనుకున్నాను.

మధ్యాహ్నానికి ఒక ఊరి చివర, చింతచెట్టు నీడన కారు ఆపాను. ఎదుట రాతికూసాల ఇల్లు. అరుగు మీద ఒక అవ్వ చింతకాయలు కొడుతోంది. ఒక గుండ్రాయి, దాని మీద కాయ, చేతిలో చిన్న సుత్తి. ఒక్క దెబ్బకు పెంకు ఊడుతుంది, రెండో దెబ్బకు గింజ పక్కకు జారుతుంది. పండు ఒక వైపు, గింజలు ఒక వైపు, పెంకులు ఒక వైపు, మూడు కుప్పలు.

"తాగను నీళ్లుంటే ఇస్తావా అవ్వా" అన్నాను.

"రా నాయనా, నీడన కూసో" అంటూ మోకాళ్ల మీద చేతులాన్చి లేచింది. చెంబుతో నీళ్లు తెచ్చింది. నేను తాగేలోపు మళ్లీ లోపలికి పోయి ఒక ప్లాస్టిక్ బిందె, సగానికి నీళ్లున్నది, తెచ్చి అరుగు అంచున పెట్టింది. "ఎండలో పడి వచ్చినావు. మొగం కాళ్లు కడుక్కో."

కడుక్కున్నాను. బిందెలో ఇంకా నీళ్లు ఉన్నాయి. కారు అద్దం మీద ఎర్రదుమ్ము, దారిలో కొట్టుకున్న పురుగుల మరకలు కనిపించాయి. ఏమీ ఆలోచించకుండా బిందె తీసుకెళ్లి అద్దం మీద కుమ్మరించాను. గుడ్డతో తుడిచి, మిగిలినవి కూడా పోశాను. ఎర్రనీళ్లు బానెట్ మీదుగా జారి, చక్రం పక్కన చిన్న గుంట కట్టాయి. ఎక్కడినుంచో ఒక కోడి పరుగెత్తుకొచ్చి ఆ గుంటలో ముక్కు పెట్టింది.

సుత్తి చప్పుడు ఆగిందని అప్పుడు గమనించాను. అవ్వ నన్ను చూడటం లేదు. నీళ్లు పోతున్న వైపు చూస్తోంది. ఊరికే చూస్తోందనుకున్నాను. ఖాళీ బిందె అరుగు మీద పెట్టి, వంద రూపాయల నోటు తీశాను. "నీళ్లకు దుడ్డు తీసుకుంటారా ఎవరన్నా" అంది, గొంతులో కోపం లేకుండా. మళ్లీ సుత్తి అందుకుంది.

అర కిలోమీటరు పోయానో లేదో, రోడ్డు పక్కన ఒక సిమెంటు తొట్టి, దాని ముందు వరసగా బిందెలు. ఎరుపు, పసుపు, పచ్చ, నీలం, ఓ ముప్పై ఉంటాయి. మనిషి లేడు. మనుషుల బదులు బిందెలే వరసలో నిలబడి ఉన్నాయి. మేక వెంట నడుస్తున్న ఒక పిల్లను అడిగాను. "ట్యాంకరు దినం మార్చి దినం వస్తాది సార్, ఇంటికి నాలుగు బిందెలు" అంది.

నాలుగు బిందెలు, రెండు దినాలు. అందులో సగం బిందె దాకా నా కారు అద్దం తాగింది.

రోడ్డు అక్కడ వెడల్పుగానే ఉంది. కారు తిప్పుకోవడానికి చోటు ఉండింది. నేను తిప్పలేదు. గేరు మార్చి ముందుకే పోయాను. మరిచిపోలేనిది నీళ్లు పారబోయడం కన్నా ఇదే. పారబోసింది తెలియక. తిప్పకపోవడం తెలిసి. ఇంటికొచ్చాక ఫోటోలు చూపించి, "ఆ లోయలో ఎంత ప్రశాంతంగా ఉందో చెప్పలేను" అని పది మందికి చెప్పాను. అవ్వ మాట మాత్రం ఎవరి దగ్గరా ఎత్తలేదు.

తెలియక అన్నాను గానీ, అది కూడా పూర్తి నిజం కాదు. నేను పుట్టింది నారాయణవనం పక్కన చెరువు కింద బతికే ఊళ్లో. చెరువు మరవ పోయిన ఏడు ఊరంతా పండగ, పోని ఏడు పెళ్లిళ్లు వాయిదా. బియ్యం కడిగిన నీళ్లు మా అమ్మ కుడితి తొట్లో పోసేది, మొహం కడిగిన నీళ్లు అరటి పాదులోకి పోయేవి. ఆ చేతుల మధ్య పెరిగినవాణ్ణి. ముప్పై ఏళ్లుగా తిరుపతిలో కల్యాణి డ్యాము నీళ్లు, ఆ తర్వాత కండలేరు నుంచి వచ్చే తెలుగుగంగ నీళ్లు కుళాయి తిప్పితే పడుతున్నాయి. అంతకుముందు నేర్చుకున్నదంతా ఆ కుళాయి కింద కొట్టుకుపోయింది.

ఆ తర్వాత ఆ ప్రాంతం గురించి చదవడం మొదలుపెట్టాను. తప్పు చేసినవాడు ఆ ఇంటి చుట్టూ తిరిగినట్టు. ఏనుగు మల్లమ్మ కొండ అని పిలుచుకునే కొండ మీద, కడప కలెక్టరుగా ఉన్న డబ్ల్యు.డి. హార్స్‌లీ 1870 ప్రాంతంలో వేసవి విడిది కట్టుకున్నాడు. కొండకు ఆయన పేరే మిగిలింది. మదనపల్లె అప్పుడు కడప జిల్లాలోది. 1911లో చిత్తూరు జిల్లాలోకి, 2022లో అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది. 1915లో పక్కనే ఆరోగ్యవరంలో క్షయరోగులకు శానిటోరియం తెరిచారు. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ వచ్చి బీసెంట్ కాలేజీలో బస చేసి, జనగణమనను ఇంగ్లీషులోకి మార్చారు. 1895లో మదనపల్లెలోనే పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, తేట్టు దగ్గర ఒక పెద్ద మర్రిచెట్టు ఉన్న లోయను బడి కోసం ఎంచుకున్నారు. అదే ఋషి వ్యాలీ. ఆ బడి నాటిన చెట్లు, బయటి పల్లెల పిల్లలకు నేర్పిన చదువు అక్కడ కంటికి కనిపిస్తాయి. తీసుకున్నదానికి తిరిగి ఇచ్చినవాళ్లు ఉన్నారు. నేనేమీ ఇవ్వలేదు.

శానిటోరియం దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను. క్షయకు మందు లేని రోజులవి. మంచి తిండి, విశ్రాంతి, తేమ లేని గాలి, అవే వైద్యం. ఎక్కడెక్కడి రోగులో ఆ ఎండుగాలి కోసం ఇక్కడికి వచ్చారు. గాలి ఎందుకు ఎండుగా ఉంది? తూర్పున సత్యవేడు, శ్రీకాళహస్తి వైపు ఈశాన్య రుతుపవనాలు దండిగా కురుస్తాయి. పడమటి మండలాలకు వచ్చేసరికి మేఘం చిక్కిపోతుంది. ఊపిరితిత్తులకు వరమైంది ఏదో, బావులకు శాపమైంది కూడా అదే. ఒకటే గాలి. వచ్చిపోయేవాడికి ఒకలా, ఉండిపోయేవాడికి ఇంకొకలా.

నేను మెచ్చుకున్న నిశ్శబ్దం సంగతీ అంతే. మా ఊళ్లో నా చిన్నప్పుడు తెల్లారక ముందే కపిల బావుల చప్పుడు వినబడేది. ఎద్దులు వాలు దిగుతుంటే మోకు సాగుతుంది, గిలక కిర్రుమంటుంది, తోలేవాడు పాటెత్తుకుంటాడు, బాన నీళ్లు భళ్లున కాలవలో పడతాయి. తర్వాత ఆయిల్ ఇంజన్లు వచ్చాయి, పొలమంతా డబడబ. తర్వాత బోర్లు. మోటారు నేల లోపల మునిగి ఉంటుంది, పైకి ఏమీ వినబడదు. ఆ లోయలో వెయ్యి అడుగులు దాటి తవ్వినా తడి తగలని బోర్లున్నాయి. నీళ్లు లోతుకు పోయినకొద్దీ చప్పుడు తగ్గింది. ఆ తర్వాత మనుషులూ తగ్గారు. మదనపల్లె మార్కెట్లో టమోటా 2023 జూలైలో కిలో రెండు వందల దాకా పలికింది. కోత కూలి కూడా రాక రోడ్డు పక్కన పారబోసిన ఏళ్లూ ఉన్నాయి. ఆ రెంటి మధ్య నమ్మకం పెట్టుకోలేని పిల్లలు బెంగళూరు బస్సు ఎక్కారు. నా చెవులకు హాయిగా తగిలింది వాళ్లు లేకపోవడం. నిశ్శబ్దాన్ని మెచ్చుకోవడం తప్పని కాదు. అది ఎవరి ఇంటి తాళమో అడగకుండా మెచ్చుకున్నాను.

మరుసటి ఏడు సంక్రాంతి దాటాక మళ్లీ పోయాను. ఈసారి చూస్తూ నడిచాను. ఆ వీధిలో పదకొండు ఇళ్లు, ఏడింటికి తాళాలు. అవ్వ అదే అరుగు మీద, ఈసారి అనపకాయలు ఒలుస్తోంది. పక్కన గిన్నెలో నానిన గింజలు, పితికిపప్పుకు. నన్ను గుర్తుపట్టలేదు.

"పోయినేడు ఒకసారి వచ్చినాను అవ్వా."

"అట్లనా నాయనా. శానామంది వస్తాంటారు, కొండ చూడను."

దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ పోయాయి. "నువ్వు మొగం కడుక్కోమని నీళ్లిస్తే, కారు అద్దం మీద పోసినాను" అని మాత్రం అనగలిగాను. ఆమె ఒలవడం ఆపకుండానే కాసేపు ఆలోచించింది.

"అద్దం మీద దుమ్ముంటే దావ కానరాదు గదా. దాందేముంది."

తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. ఏం చెప్పాలో తెలియక నిలబడి ఉండగానే తొట్టి వైపు నుంచి ట్యాంకరు హారన్ వినబడింది. అవ్వ చేట పక్కకు జరిపి, రెండు బిందెలు చేతికి తీసుకుంది. నేను అందుకున్నాను. వద్దనలేదు.

నిండిన బిందె భుజానికెత్తుకుని ఎన్నేళ్లయిందో. ఆ ఎగువ దారిలో నాలుగడుగులకే ఊపిరి అందలేదు. అడుగు తడబడినప్పుడల్లా నీళ్లు మెడ మీదుగా చొక్కాలోకి దిగాయి. వెనక అవ్వ గొంతు. "మెల్లిగా నాయనా. తొణకనీయద్దు." తిరిగి చూస్తే ఆమె కళ్లు నా మీద లేవు. ఎర్రమట్టిలో నా వెనకే పడుతూ వస్తున్న తడి చుక్కల మీద ఉన్నాయి.

ఇంట్లో రాతి మీద బిందె దించాను. ఆమె బిందె మూతి దగ్గర వేళ్లు ఆనించి కొలిచి చూసింది.

"నాలుగు వేళ్లు తగ్గిందే" అని, పళ్లెం తెచ్చి మూత వేసింది.