గడువు

హోసూరులో మా చెల్లెలి కూతురికి ప్లస్‌టూలో ఉండగా టైప్ 1 చక్కెర జబ్బు బయటపడింది. రోజుకు నాలుగు ఇన్సులిన్ సూదులు. మార్కులు పడిపోయాయి, నీటూ పోయింది. అయినా డాక్టరే అవుతానంటుంది.

"మార్కుల కాగితం జబ్బు సంగతి చెప్పదు గదా!" అన్నాడు మా బావ.

కరువులో పంట పోతే బ్యాంకులో రైతు అప్పుకు గడువు పెంచుతాం. అందుకు కావలసిన నష్టాన్ని 2015లో 50 శాతం నుంచి 33కు దించారు. కానీ అసలు మాఫీ చెయ్యం. జబ్బుపడ్డదని మార్కులు కలపడానికి నాకూ మనసొప్పదు. రేపటి రోగి ఏం పాపం చేశాడు? గడువడిగితే మాత్రం కాదనేదెలా? నీట్‌కు గరిష్ఠ వయోపరిమితిని 2022లో తీసేశారు.

గడువు లేనిది ఇంట్లోనే. "ఆడపిల్లకు ఇంకో ఏడాదా?" అంటుంది మా అమ్మ.

"పోయినసారికంటే డెబ్బై మార్కులు ఎక్కువొచ్చాయి, అమ్మమ్మా" అంది పిల్ల, సూది వేసుకుంటూ.