పిటిషన్లో పట్టని మాట

మొదటిసారి వకీలు దగ్గరికి వచ్చిన మనిషి కేసు సంగతి వెంటనే చెప్పడు. కూతురి పెళ్లి ఎలా తప్పిపోయిందో చెబుతాడు, తమ్ముడితో మాటలు ఎప్పుడు ఆగిపోయాయో చెబుతాడు, నాన్న పోయేముందు ఏమన్నాడో చెబుతాడు. మేం వినం. "అసలు విషయానికి రండి" అంటాం. మాకు తేదీలు కావాలి, కాగితాలు కావాలి, సాక్షుల పేర్లు కావాలి. బయట బెంచీ మీద మరో నలుగురు కూర్చుని ఉంటారు. విశాఖ కోర్టుల్లో ఇన్నేళ్లు పనిచేశాక నాకు బలపడిన నమ్మకం ఒకటుంది. మేం పక్కకు నెట్టేసే ఆ మాటల్లోనే మనిషి ఉంటాడు.

గాజువాక వైపు పునరావాస కాలనీ నుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు. ఉక్కు ఫ్యాక్టరీకి భూమి ఇచ్చిన కుటుంబం. నిర్వాసితులకు ఇచ్చే ఆర్-కార్డును ప్లాస్టిక్ కవర్లో పెట్టి, దాన్ని తువ్వాల్లో చుట్టి తెచ్చేవాడు. టేబుల్ మీద పెట్టినా దాని మీంచి చెయ్యి తీసేవాడు కాదు. కార్డు అన్నగారి పేరు మీద ఉంది, తమది వేరే కుటుంబమని రుజువు చేసుకోవాలి. నేను రేషన్ కార్డు అడిగితే ఆయన ఊరి చెరువు గురించి, తాటితోపు గురించి, అమ్మవారి పండగ గురించి చెప్పేవాడు. ఒక సాయంత్రం కరెంటు పోయింది, రాసుకోవడానికి వీల్లేక ఊరికే వింటూ కూర్చున్నాను. "ఆ ఏడు పండక్కి మా పొయ్యి వేరు, అన్న పొయ్యి వేరు బాబూ, మొక్కులు కూడా ఎవల్ది ఆళ్లే తీర్సుకున్నాం" అన్నాడు. నేను నెలల తరబడి వెతుకుతున్న సంగతి అది. భూసేకరణ నాటికే అన్నదమ్ములు వేరుపడ్డారని చెప్పగల సాక్షులు ఆ పండగ చేసినవాళ్లలోనే ఉన్నారు.

అయితే కేసుకు పనికొస్తుంది కాబట్టి వినాలంటే అది బేరం. చెరువు సంగతి ఏ కేసుకూ పనికిరాదు. ఆ చెరువు ఇప్పుడు ఫ్యాక్టరీ ప్రహరీ గోడకు అవతల ఉంది. 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' అని 1966లో రాష్ట్రమంతా నినదించింది, పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి, ఫ్యాక్టరీ వచ్చింది. దాని కోసం అరవైకి పైగా ఊళ్లు ఖాళీ అయ్యాయి. కార్డు ఉండి కూడా ఉద్యోగం రాని కుటుంబాలు వేలల్లో మిగిలాయి. ఇష్టం లేకపోయినా భూమి వదులుకున్నందుకు చట్టం విడిగా ఒక మొత్తం ఇస్తుంది. 1894 నాటి భూసేకరణ చట్టం కింద మార్కెట్ విలువ మీద 15 శాతం, 1984 సవరణతో 30 శాతం, 2013 కొత్త చట్టంలో 100 శాతం. ఎంత పెంచినా అది ఎకరం ధర మీద కట్టే లెక్క. చెరువు గట్టు మీద ఆడుకున్న చిన్నతనానికి అందులో పద్దు లేదు, ఉండడం సాధ్యం కూడా కాదేమో. అందుకే ఆ మాట చెప్పుకోవడానికి ఆయనకు ఎవరో ఒకరు కావాలి. జడ్జిగారికి చెప్పలేడు. అధికారి వినడు. మిగిలింది వకీలే.

క్లయింటు వకీలుతో వృత్తిరీత్యా చెప్పుకున్న మాట బయటపెట్టకూడదని పాత సాక్ష్యాధారాల చట్టంలో 126వ సెక్షన్ ఉండేది, 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో అది 132. మనిషికి భయం లేకుండా నోరు విప్పే చోటు ఒకటి ఉండాలని చట్టమే ఒప్పుకుంది. ఆ చోటును మేం ఫీజు మాట్లాడుకునే గదిగా మిగిల్చేశాం. 1984 కుటుంబ న్యాయస్థానాల చట్టం మరో అడుగు ముందుకేసి, అక్కడ వకీలును పెట్టుకోవడం కక్షిదారుకు హక్కు కాదంది, కౌన్సెలర్లకు చోటిచ్చింది. మేం అడుగుపెడితే తగవు ముదురుతుందన్న అనుమానం దాని వెనక లేదని నేను అనుకోను. మనోవర్తి కేసుల్లో భార్యాభర్తల చేత ఒకరి మీద ఒకరికి మేం రాయించే అఫిడవిట్లు చదివితే ఆ అనుమానం నిజమేననిపిస్తుంది.

ఓదార్పులోనూ మోసం ఉంటుంది. "నేనున్నాను కదమ్మా, ఖాయంగా గెలుస్తాం" అనడం అన్నిటికన్నా తేలిక. ఆ మాటతో క్లయింటు ఆ పూట నిద్రపోతుంది, రెండో విడత ఫీజు వస్తుంది, మూడేళ్ల తర్వాత ఆ మనిషి కుప్పకూలుతుంది. ఓదార్పుకూ మోసానికీ ఉన్న తేడాను గురజాడ ఎప్పుడో పట్టుకున్నారు. 1909 నాటి కన్యాశుల్కంలో కథ చివరికి మా విశాఖపట్నానికే చేరుతుంది. చిన్నపిల్ల అనుకుని ఆడవేషం వేసిన కుర్రాణ్ని పెళ్లాడి, ఆ 'పిల్ల' కనబడకపోయేసరికి హత్యానేరంలో ఇరుక్కున్న ముసలి లుబ్ధావధాన్లు చుట్టూ తిరిగేవాళ్లు చాలామందే. రామప్పంతులు అతని భయాన్ని సొమ్ము చేసుకుంటాడు. వకీలు సౌజన్యారావు పంతులు అదే భయాన్ని చూసి జాలిపడి, అతని తప్పును తప్పనే అంటూ అతని పక్షాన నిలబడతాడు. నాకు ఆ రెండో సంగతే ముఖ్యం. తప్పును కప్పిపుచ్చకుండా మనిషిని వదిలిపెట్టకుండా ఉండడం చాలా కష్టమైన పని.

ఓడిపోయే అవకాశం ఉన్న కేసులో ఇది ఇంకా కష్టం. పాడేరు మన్యంలోని వాకపల్లిలో 2007 ఆగస్టు 20న గాలింపుకు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కొండు ఆదివాసీ మహిళలు ఫిర్యాదు చేశారు. హైకోర్టు, సుప్రీంకోర్టు దాటి విచారణ విశాఖలోని ప్రత్యేక కోర్టుకు చేరేసరికి పదేళ్లు గడిచాయి. ఇంట్లో మాట్లాడే భాష ఒకటి, కోర్టు భాష ఒకటి. వాయిదాకు రావాలంటే ఘాటు దిగి వంద కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. చెప్పిన మాటే మళ్లీ చెప్పాలి, అదీ క్రాస్ పరీక్షకు నిలబడి. లెక్కల పాఠాలు చెప్పడం మాని హక్కుల కోసం నల్లకోటు వేసుకున్న బాలగోపాల్ ఆ విచారణ మొదలవకముందే, 2009 అక్టోబరు 8న కన్నుమూశారు. అయినా ఆయన తోడ్పాటుతో పుట్టిన మానవ హక్కుల వేదిక తీర్పు దాకా ఆ మహిళల వెంట నడిచింది. 2023 ఏప్రిల్ 6న నిందితులను కోర్టు నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు జరిగిన తీరును తప్పుపట్టింది, ఆ మహిళలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా పరిహారం ఇవ్వమంది.

ఆ తీర్పును ఆ తల్లులకు ఏమని చెప్పాలి? నేను చాలాసార్లు ఆలోచించాను. కేసు పోయిందంటే సగమే చెప్పినట్టు. నిందితులు చేశారని రుజువు కాకపోవడం వేరు, మీరు అబద్ధం చెప్పారనడం వేరు. ఈ తేడా మాకు లా కాలేజీ రెండో ఏడులోనే తెలుసు. పదహారేళ్లు తిరిగిన మనిషికి ఆ తేడా తెలియకపోతే, ఆమె ఊళ్లో తలదించుకుని బతుకుతుంది. అది ఆమె భాషలో, పక్కన కూర్చుని, తొందర లేకుండా, అడిగినన్నిసార్లు విడమరిచి చెప్పడం వకీలు పనే. సామాజిక కార్యకర్తలు చూసుకుంటారులే అని వదిలేయదగ్గది కాదు.

మామూలు సివిల్ దావాలోనూ అంతే. ఓడిన రోజు చాలామంది వకీళ్లు గుమస్తా చేత కబురు పంపిస్తారు, మర్నాడు ఫోన్ ఎత్తరు. వాళ్ల బాధ నాకు తెలుసు, ఎదుటి మనిషి మొహం చూడడం కష్టమే. అయినా డిక్రీ తేదీ నుంచే గడువు మొదలవుతుంది. జిల్లా కోర్టులో అప్పీలుకు 30 రోజులు, హైకోర్టుకైతే 90. తీర్పు కాపీకి పట్టిన రోజులు మినహాయిస్తారు కానీ ఏడ్చిన రోజులు మినహాయించరు. కాబట్టి అదే సాయంత్రం క్లయింటును కూర్చోబెట్టి, తీర్పులో మనకు వ్యతిరేకంగా ఏముందో దాచకుండా చెప్పి, అప్పీలుకు వెళ్తే నిజంగా ఆశ ఎంతుందో, ఖర్చెంతవుతుందో చెప్పి, వెళ్లకపోయినా తప్పు లేదని కూడా చెప్పాలి. ఆమె ఏడిస్తే ఏడవనివ్వాలి. తర్వాత కాపీ అప్లికేషన్ మీద సంతకం తీసుకోవాలి.