అతిథి హక్కు, ఇంటివారి హక్కు

అల్లాహ్‌ను, అంతిమ దినాన్ని విశ్వసించేవారు తమ అతిథిని ఆదరించాలని దైవప్రవక్త (స) ఉపదేశించారు. హజ్రత్ ఇబ్రాహీమ్ (అలై) ఇంటికి ముక్కూమొహం తెలియని మనుషులు వచ్చారు. ఆయన మారుమాట లేకుండా లోపలికి వెళ్ళి, కాల్చిన దూడ మాంసం తెచ్చి వారి ముందుంచారని దివ్యఖుర్ఆన్ తెలుపుతోంది. ఇవి మనం జుమా ప్రసంగాల్లో తరచూ వినే మాటలే. అయితే వచ్చిన అతిథే ఇంటిల్లిపాదికీ ఇబ్బందిగా మారితే ఏం చేయాలి? అప్పుడు ఓర్చుకోవాలా, మాట్లాడాలా, పంపించివేయాలా? ఈ ప్రశ్నకు జవాబు తెలియకనే ఎన్నో కుటుంబాలు లోలోపల నలిగిపోతున్నాయి.

నేడు ఈ ప్రశ్న మరింత అవసరమైంది. అనకాపల్లి జిల్లా ఎస్. రాయవరం ప్రాంతాన్నే తీసుకుందాం. ఒకవైపు జాతీయ రహదారి, మరోవైపు రేవుపోలవరం సముద్రతీరం ఉన్నాయి. దగ్గరలోని అచ్యుతాపురంలో పరిశ్రమలు వెలిశాయి. నక్కపల్లిలో బల్క్ డ్రగ్ పార్కుకు 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. ఇలాంటి చోట్లకు పని కోసం వచ్చేవారికి గది కావాలి, ఇంటివారికి నాలుగు డబ్బులు కావాలి. తీరం చూడవచ్చేవారికి రెండు మూడు రోజులు గది ఇచ్చే హోమ్‌స్టే పద్ధతి కూడా నేడు మన రాష్ట్రంలో పెరుగుతోంది. ఇది హలాల్ సంపాదనే. కాని ఇంట్లో పరాయి మనిషి ఉన్నప్పుడు ఆ ఇంటి పరదా, ప్రశాంతత, పిల్లల పెంపకం అన్నీ పరీక్షకు నిలుస్తాయి.

అతిథి వేరు, బాడుగదారు వేరు

మొట్టమొదట మనం గ్రహించవలసిన విషయం ఒకటుంది. ఇంటికి వచ్చే మనుషులు రెండు రకాలు. ఒకరు అతిథి. అతనికి మన ఇంట హక్కు ఉంది, ఆ హక్కుకు హద్దు కూడా ఉంది. ఒక పగలూ ఒక రేయి ప్రత్యేక మర్యాద, మూడు రోజుల వరకు ఆతిథ్యం, ఆ తర్వాత పెట్టేది దానం అని దైవప్రవక్త (స) వివరించారు. ఇంటివారిని ఇబ్బందిపెట్టేటంత కాలం అతిథి తిష్ఠ వేయడం ధర్మసమ్మతం కాదని కూడా ఆ హదీసులోనే చెప్పారు.

రెండోవారు బాడుగ ఇచ్చి ఉండేవారు. ఇది ఆతిథ్యం కాదు, ఒప్పందం. చేసుకున్న ఒప్పందాలను నెరవేర్చాలన్న దైవాజ్ఞ దీనికి వర్తిస్తుంది. అతను ఒక్కరోజున్నా, ఏడాదున్నా మాట ప్రకారం గది ఇవ్వాలి. అతనూ మాట ప్రకారం నడచుకోవాలి.

చాలా తగవులు ఈ రెంటినీ కలగాపులగం చేయడం వల్లే పుడుతున్నాయి. డబ్బు తీసుకుని, పైగా ఉపకారం చేసినట్టు మాట్లాడేవారున్నారు. డబ్బిచ్చాను కాబట్టి ఇల్లంతా నాదేనని ప్రవర్తించేవారూ ఉన్నారు. ఇద్దరూ హద్దు మీరినవారే.

పూటకూళ్ళ ఇల్లు చెప్పే పాఠం

డబ్బు తీసుకుని ఇంట్లో అన్నం పెట్టడం మన తెలుగువారికి కొత్త కాదు. హోటళ్ళు ఇంతగా లేని రోజుల్లో బాటసారులకు, చదువుకునే పిల్లలకు పూటకూళ్ళ ఇళ్ళే దిక్కు. 1862లో ఇదే ఎస్. రాయవరంలో జన్మించిన గురజాడ అప్పారావు తన కన్యాశుల్కం నాటకంలో అలాంటి ఒక పూటకూళ్ళమ్మను మన కళ్ళకు కట్టారు. ఆమె ఇంట తిన్న గిరీశం, సంతలో సామాను కొనిపెడతానని ఇరవై రూపాయలు పుచ్చుకుని, ఆ డబ్బు తన విలాసాలకు ఖర్చు చేస్తాడు. మోసపోయానని తెలిసి ఆమె చీపురు పట్టుకుని వస్తుంది. గిరీశం మంచం కింద దాక్కుంటాడు. దెబ్బ మాత్రం మరొకరికి తగులుతుంది. అంతటితో ఆగక అతను చదువు చెప్పే నెపంతో అగ్నిహోత్రావధానుల ఇంట చేరి, ఆ ఇంటి ఆడపిల్లనే వెంట తీసుకుపోతాడు.

జనం దీన్ని చూసి నవ్వుకున్నారు. మనం నవ్వుతో పాటు ఆలోచించాలి కూడా. తియ్యని మాటలు విని ముందు లెక్క అడగకపోవడం, తర్వాత కోపం పట్టలేక చీపురు ఎత్తడం. ఇబ్బందిపెట్టే అతిథి విషయంలో నేటికీ మన ఇళ్ళలో జరుగుతున్నవి ఈ రెండే. కోపంతో ఎత్తిన చెయ్యి తరచుగా తప్పు చేయనివారికే తగులుతుంది. బయటివాడిని ఏమీ అనలేక భార్యను కసరడం, పిల్లలపై చెయ్యి చేసుకోవడం అలాంటివే.

ముందే చెప్పండి, రాసుకోండి

అప్పుల లావాదేవీలను రాసుకోమని అల్లాహ్ అల్ బఖరా సూరాలో ఆదేశించాడు. ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ అదే. మనుషుల మధ్య అనుమానాలకు తావు లేకుండా చేయడమే దాని ఉద్దేశం. గది ఇచ్చేటప్పుడు కూడా ఈ మేలు మనకు అవసరం. బాడుగ ఎంత, అడ్వాన్సు ఎంత, ఎందరుంటారు, రాత్రి ఎన్ని గంటలకు తలుపు వేస్తాం, బయటివారు రావచ్చా లేదా, వంటగది వాడుకోవచ్చా లేదా అన్నవి ముందే చెప్పాలి. మా ఇంట సారాయి, పందిమాంసం కుదరవని, ఆడవాళ్ళుండే వైపు రాకూడదని మొదటి రోజే నవ్వుతూ చెబితే ఎవరూ నొచ్చుకోరు. పదో రోజున అరచి చెబితేనే నొచ్చుకుంటారు.

కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకంలో యజమాని కుటుంబం ఆ ఇంట్లోనే నివసించాలన్న షరతు ఉంది. ఆరు గదులు, పన్నెండు పడకలకు మించకూడదు. అంటే వచ్చినవారు మన గడపలోనే మసలుతారు. అందుకే గుర్తింపు కార్డు చూడటం, విదేశీయులైతే 24 గంటల్లోగా ప్రభుత్వానికి తెలియజేయడం వంటి చట్టపు నియమాలను అశ్రద్ధ చేయరాదు. కార్డు అడగడం అమర్యాద కాదు, అది ఇంటికి కాపలా.

మొహమాటమూ వద్దు, అవమానమూ వద్దు

హజ్రత్ జైనబ్ (రజి)తో వివాహం సందర్భంగా దైవప్రవక్త (స) వలీమా విందు ఇచ్చారు. భోజనాలయ్యాక కూడా కొందరు కబుర్లు చెప్పుకుంటూ కదల్లేదు. హజ్రత్ జైనబ్ (రజి) గోడవైపు ముఖం తిప్పుకుని కూర్చున్నారు. దైవప్రవక్త (స) బయటికి వెళ్ళి తిరిగి వచ్చినా వారు అక్కడే ఉన్నారు. లెమ్మని చెప్పడానికి ఆయన మొహమాటపడ్డారు. అప్పుడు అల్లాహ్ స్వయంగా అల్ అహ్‌జాబ్ సూరాలో ఆదేశం పంపాడు. పిలిస్తేనే రావాలి, తిన్నాక వెళ్ళిపోవాలి, కబుర్లతో కూర్చోకూడదు, ఇది ప్రవక్తకు బాధ కలిగిస్తోంది, సత్యం చెప్పడానికి అల్లాహ్ మొహమాటపడడని ఆ ఆయత్ సారం.

గమనించండి. ఇంటివారి ఇబ్బంది అల్లాహ్ దృష్టిలో చిన్న విషయం కాదు. గోడవైపు తిరిగి కూర్చున్న ఆ ఇల్లాలి ఇబ్బందికి దివ్యగ్రంథంలో పరిష్కారం దొరికింది. కాబట్టి బాధను కడుపులో దాచుకుని, వచ్చినవారి వెనుక ఇరుగుపొరుగుతో చెప్పుకోవడం ఆతిథ్యం కాదు. అది పరోక్షనింద. ముఖాముఖి చెప్పడమే మేలు.

మరి ఎలా చెప్పాలి? ఒక ఎడారి పల్లెవాసి మస్జిదె నబవీలోనే మూత్రవిసర్జన చేశాడు. సహాబీలు అతనిపైకి ఉరికారు. దైవప్రవక్త (స) వారిని ఆపి, అతన్ని మధ్యలో ఆటంకపరచవద్దన్నారు. తర్వాత ఆ చోట బిందెడు నీళ్ళు పోయించారు. అతన్ని దగ్గరకు పిలిచి, మస్జిదులు ఇలాంటి పనులకు కావనీ దైవస్మరణకూ నమాజుకూ ఉద్దేశించినవనీ మృదువుగా బోధించారు. అక్కడ తప్పును తప్పనే చెప్పారు, మనిషిని మాత్రం నలుగురిలో చిన్నబుచ్చలేదు. మన ఇల్లు మస్జిదె నబవీ కంటే పవిత్రమైనది కాదు. మన గదిని పాడుచేసినవాడు ఆ పల్లెవాసి కంటే పెద్ద తప్పు చేసి ఉండడు.

ఒక అవిశ్వాసి అతిథిగా వచ్చి ఏడు మేకల పాలు వరుసగా తాగినా దైవప్రవక్త (స) లెక్క చూసుకోలేదు. తెల్లవారాక అతను ఇస్లామ్ స్వీకరించాడు. ఆనాడు ఒక మేక పాలతోనే తృప్తిపడి, రెండోదాని పాలు పూర్తి చేయలేకపోయాడు. మతం ఏదైనా అతిథికి ఆదరణలో తేడా ఉండరాదనడానికి ఈ హదీసు చాలు.

ఇంటివారు మీరరాని హద్దులు

వచ్చినవాడు చెడ్డవాడైనంత మాత్రాన మన చేతులు విడిచిపెట్టబడలేదు. ఒకరి రహస్యాలు కూపీ లాగవద్దని అల్ హుజురాత్ సూరా హెచ్చరిస్తోంది. వారు లేనప్పుడు పెట్టె తెరచి చూడటం, తలుపు సందుల్లో చెవి పెట్టడం, చాటుగా కెమెరా అమర్చడం పాపమే. ప్రపంచమంతటా ఇళ్ళు బాడుగకిప్పించే ఎయిర్‌బీఎన్‌బీ సంస్థ 2024 ఏప్రిల్ 30 నుంచి ఇళ్ళ లోపల కెమెరాలను పూర్తిగా నిషేధించింది. విశ్వాసులకు ఈ నీతి పద్నాలుగు శతాబ్దాల క్రితమే అందింది.

అలాగే సాకులు వెదకి అడ్వాన్సు మిగుల్చుకోవడం హరామ్. పాడైన వస్తువు విలువ ఎంతో అంతే మినహాయించి, మిగతాది లెక్కచెప్పి తిరిగివ్వాలి. చెప్పినా వినక ఇంటివారికి హాని చేస్తుంటే పంపించివేసే హక్కు మనకుంది. అదైనా గడువిచ్చి, సాక్షులుగా పెద్దలను పెట్టుకుని చేయాలి. అర్ధరాత్రి సామాను వీధిలో పడేయడం విశ్వాసి లక్షణం కాదు. బెదిరింపులు, దౌర్జన్యం ఎదురైతే పోలీసుల సాయం తీసుకోవడంలో తప్పు లేదు.

చివరగా ఇంటి యజమానులకు ఒక మాట. ఒక అన్సారీ సహాబీ, అతని ఇల్లాలు పిల్లలను నిద్రపుచ్చి, దీపం ఆర్పి, తాము తింటున్నట్టు నటించి ఉన్న కాస్త అన్నం అతిథికి పెట్టారు. ఆ త్యాగం ఇద్దరూ కలిసి చేసినది. ఈనాడు మంచిపేరు భర్తది, వంటపని భార్యది అవుతోంది. గది ఇవ్వాలన్నా, అతిథిని ఉంచుకోవాలన్నా ముందు ఇల్లాలిని అడగండి. ఆమెకు భయంగా ఉందంటే ఆ బాడుగ డబ్బు వదులుకోండి.

మనం కూడా ఏదో ఒకనాడు ఎవరింటికో అతిథులుగా వెళ్ళేవాళ్ళమే. మన రాకకు ఆ ఇంటివారు సంతోషించేలా, మనం వెళ్ళాక మళ్ళీ రావాలని కోరుకునేలా నడచుకుందాం. అతిథిని ఆదరించే మనసును, హద్దులు కాపాడుకునే వివేకాన్ని, కోపాన్ని దిగమింగే సహనాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.