ప్రదర్శనమా, పరీక్షయా?

జాతికుక్కలను ఈనించి పిల్లలను విక్రయించువారు వానిని ప్రదర్శనములకు కొనిపోయి బహుమానములకై పోటీపడవలయునా? బాధ్యత యెఱిగినవాడు అట్లు చేసి తీఱవలెనని కొందఱును, అది వట్టి యాడంబరమని కొందఱును వాదింతురు. ప్రశ్న చిన్నదిగా తోచవచ్చును. కాని పరుల యెదుట పరీక్షకు నిలువక తన పనిని తానే మెచ్చుకొనుట యెంతవఱకు న్యాయమను పెద్ద ప్రశ్న దీనియందు ఇమిడియున్నది.

ముందుగా ప్రదర్శనపక్షమువారి మాట విందము. కాకిపిల్ల కాకికి ముద్దు. తన యింట పెరిగిన కుక్కయందలి లోపము యజమానుని కంటికి కానరాదు. సాటికుక్కల నడుమ దానిని నిలిపి, తెలిసినవాడొకడు పరిశీలించినగాని బయటపడదు. ఇందు సత్యము లేకపోలేదు. 1859లో ఇంగ్లండునందలి న్యూకాసిల్ పట్టణమున పాయింటరు, సెట్టరు జాతుల వేటకుక్కలకు ప్రదర్శనము జరిగినది. 1873లో లండనున కెన్నెల్ క్లబ్బు ఏర్పడి వంశావళులకును ప్రదర్శనములకును నియమములు కల్పించెను.

అయితే అచట నిర్ణేత చూచునది యేమి? రూపము, నడక, కొంత స్వభావము. గుండెలోని దోషమును, తరతరములుగా రక్తమున దాగివచ్చు వ్యాధియు అతనికి కానరావు. అంతకన్న చిక్కు వేఱొకటి కలదు: మెప్పు దేనికి దొరకునో పెంపకము దానివైపే సాగును. అణగిన ముక్కే బుల్‌డాగునకు అందమని మెచ్చగా మెచ్చగా, ఆ జాతిలో పెక్కింటికి ఊపిరి పీల్చుటయే కష్టమైనది. 2012లో క్రఫ్ట్స్ ప్రదర్శనమున పదునైదు జాతుల విజేతలను పశువైద్యులు పరీక్షింపగా, బుల్‌డాగు, పెకినీసు మొదలగు ఆఱు జాతుల విజేతలకు ఆ గౌరవము నిరాకరింపబడెను. నిర్ణేత శ్రేష్ఠమనినదానిని వైద్యుడు కాదనెను!

అట్లయిన పరీక్షయే వలదా? గొఱ్ఱెలకాపరుల కుక్కలను చూడుడు. కెన్నెల్ క్లబ్బు పుట్టిన 1873లోనే వేల్సునందలి బాలా అను ఊర మందలు తోలు కుక్కలకు పోటీ జరిగినది. అట్టి పోటీలలో చూచునది బొచ్చు వన్నె కాదు. కాపరి యీల విని, దూరముననున్న మందను చెదరనీక తోలుకొనివచ్చు నేర్పు. 1995లో అమెరికా కెన్నెల్ క్లబ్బు బోర్డర్ కాలీజాతిని అంగీకరించినప్పుడు, పనికుక్కలను పెంచువారనేకులు వలదనిరి. రూపమునకు మెప్పు దొరకినచో నేర్పు నశించునని వారి భయము. ప్రదర్శనమునకు పోని వీరిని బాధ్యతలేనివారని యెవడు అనగలడు? వారు తప్పించుకొన్నది ప్రదర్శనమునే కాని పరీక్షను కాదు.

మేము ఉపాధ్యాయులము. పరీక్షలో మొదటితరగతి వచ్చినంతమాత్రమున విద్య అబ్బినట్లు కాదని యెఱుగుదుము. పరీక్ష కల్లయని చెప్పి తప్పించుకొని తిరుగువాడు పండితుడనియు నమ్మము. కావున మా నిర్ణయమిది: ప్రదర్శనము ఆవశ్యకము కాదు, పరుల పరిశీలన ఆవశ్యకము. పతకము వలదనువాడు వైద్యుని యెదుటనో, పనియెదుటనో తన కుక్కను నిలుపవలెను. తల్లిని చూపి, కీళ్లు, కన్నులు, గుండె పరీక్షించిన పత్రములను కొనువాని చేతికీయవలెను. అమ్మిన పిల్లకు ఆదరణ కఱవైనచో మరల తన యింటికి తెచ్చుకొనవలెను.

కుక్కపిల్లను కొనదలచిన గృహస్థులారా, గోడమీది పతకములను చూచి మురియకుడు; అవి లేవని తిరస్కరింపకుడు. ఆ తల్లి సుఖముగా ఊపిరి పీల్చుచున్నదా యని ముందుగా చూడుడు. పతకము యజమానునిది, ఆ ఊపిరి మాత్రము కుక్కది.